అర్థం నిఘంటువుది, వాడుక ఊరిది

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు ప్రతి బస్టాండు కొట్లోనూ వేలాడుతుంటాయి. మాట, అర్థం, వాడుక అని మూడు వరసలుంటాయి వాటిల్లో. మా పల్లె పిల్లలు కొనుక్కుంటారు. కొనుక్కోవాలి కూడా. కానీ ఆ మూడో వరస ఉత్త అబద్ధం. ఈ దేశంలో ఏ మాటకైనా వాడుకని నిర్ణయించేది కులం. సముద్రాలు దాటొచ్చిన ఇంగ్లీషు మాటని సైతం ఊరి పొలిమేరలో ఆపి, దానికీ ఓ కులం అంటగట్టి మరీ లోపలికి రానిచ్చారు.

గ్లాసు మాటే తీసుకోండి. గాజు అనీ, నీళ్లు తాగే పాత్ర అనీ నిఘంటువు చెప్తుంది. మా ఊరి టీ హోటల్లో గ్లాసులు రెండు రకాలు. ఊళ్లోవాళ్లవి బల్ల మీద, మావి చూరులో. మా నాయన చూరులోంచి తీసి కడుక్కుని, పైనుంచి పోస్తే తాగి, మళ్లీ కడిగి చూరులో పెట్టేవాడు. డబ్బులు మాత్రం అందరికీ ఒకటే. బళ్లో ఇంగ్లీషు బహువచనం నేర్పకముందే గ్లాసుకి బహువచనం నేను అక్కడ చూశాను. తర్వాత తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి. అంటరానితనం పోయిందన్నారు. పోయింది కడిగే పని ఒక్కటే.

కాలనీ. హైదరాబాదులో ఈ మాట వింటే సిమెంటు రోడ్లు, గేట్లు, వాచ్‌మన్లు గుర్తొస్తారు. మా జిల్లాలో 'కాలనీవాళ్లు' అంటే మాల మాదిగలని చంటిపిల్లాడికి కూడా తెలుసు. కులం పేరెత్తకుండా కులం అడగడానికి ఊరికి దొరికిన మర్యాదైన మాట అది. 'మీది ఊరా, కాలనీయా?' అంటారు. జవాబు చెప్పేలోపే కుర్చీ వెనక్కి జరుగుతుంది.

రిజర్వేషన్ సంగతి ఇంకా వింత. రైల్లో రిజర్వేషన్ ఉన్నవాడు బెర్తు మీద కాళ్లు చాపుకుని పడుకుంటాడు. లేనివాడు జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద నిలబడతాడు. అక్కడ రిజర్వేషన్ దర్జా, జనరల్ దరిద్రం. అదే మనిషి రైలు దిగి కాలేజీ గేటు దాటగానే అర్థాలు తిరగబడతాయి. జనరల్ అంటే మెరిట్, రిజర్వేషన్ అంటే ముష్టి! నిఘంటువు మారలేదు, మాట మారలేదు. అందులో కూర్చున్నవాడి కులం మారింది, అంతే.

అన్నిటికంటే ఘోరం అట్రాసిటీ. నిఘంటువులో దాని అర్థం దారుణం, అమానుషం. 1985 జులై 17న కారంచేడులో జరిగింది అట్రాసిటీ. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగింది అట్రాసిటీ. ఈ రెంటికీ నడుమ 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చాక ఊరు ఏం చేసింది? మాటనే ఎత్తుకుపోయింది. 'వాడు నా మీద అట్రాసిటీ పెట్టాడు' అంటారిప్పుడు. కొట్టినవాడి క్రూరత్వానికి పెట్టిన పేరు, దెబ్బలు తిన్నవాడి ఫిర్యాదుకి పేరైపోయింది. స్టేషన్ మెట్లెక్కినవాడే అట్రాసిటీ చేసినవాడయ్యాడు! ఏ వ్యాకరణం ఇందుకు ఒప్పుకుంటుంది?

ఇదంతా చెప్తే 'అందుకే ఇంగ్లీషు వద్దు, అమ్మభాషే ముద్దు' అని పెద్దమనుషులు లేస్తారు. అయ్యా, ఆ అమ్మభాషలోనే మీసం మొలవని పిల్లోడు మా తాతని 'ఒరే' అన్నాడు. ఇంగ్లీషులో కలెక్టరుకీ కూలోడికీ ఒకటే 'యూ'. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియానికి జీవో ఇస్తే ఎంతమంది తెలుగు కోసం కన్నీళ్లు పెట్టారో చూశాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఏడ్చినవాళ్లలో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియంలో వేశారు? భాష మీద ప్రేమ ఉంటే ముందు మీ ఇంట్లో చూపించండి. మా పిల్లల నోట్లో చూపించకండి.

అలాగని ఇంగ్లీషు గంగాజలమేమీ కాదు. దాని నిఘంటువులోనే 'పరయా' అనే మాట ఉంది. తమిళదేశంలో పరై డప్పు కొట్టే పరయర్ల పేరు అది. ప్రపంచం వెలేసిన దేశాన్ని ఇంగ్లీషు పత్రికలు ఇవాళ్టికీ ఆ పేరుతోనే పిలుస్తాయి. మా చుట్టాల కులం పేరు వాళ్లకి తిట్టయింది.

అందుకే విద్యార్థి తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేదొకటే. మాటకి అర్థం పుస్తకంలో నేర్చుకోండి. వాడుక హోటల్లో, స్టేషన్లో, కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర కనిపెట్టండి. రెంటికీ నడుమ ఎంత దూరముందో రాసిపెట్టుకోండి. 1936లో లాహోర్ మండలి సభ రద్దు చేస్తే, అంబేద్కర్ ఇంగ్లీషులో రాసుకున్న ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చువేశాడు. 'కుల నిర్మూలన' అలా లోకంలోకొచ్చింది. ఆయన ఇంగ్లీషు నేర్చుకుంది దొరలకి దండం పెట్టడానిక్కాదు. వాళ్ల మాటల్ని బోనెక్కించడానికి.

ఎవడైనా 'అట్రాసిటీ పెట్టావంట' అంటే తల దించకండి. 'అట్రాసిటీ చేసింది నువ్వు, కేసు పెట్టింది నేను' అని మాటకి మాట సరిచేయండి. మూడో వరస ఇక మనం రాయాలి.