పాత మాస్కు కొనవచ్చు, పాత లెన్సు వద్దు

మన సంఘ కుటుంబాల్లోని యౌవనస్థులు కొందరు సెలవుల్లో పెయింట్‌బాల్ ఆటకు వెళ్తున్నారు. హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టుల్లో ఈ ఆట ఉంది. రంగు నింపిన గోళీలను గాలి తుపాకితో ఒకరిపై ఒకరు కాల్చుకోవడమే ఆట. చెట్లకూ పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి అమెరికాలో చేసిన తుపాకితో 1981లో కొందరు మిత్రులు దీన్ని సరదాగా మొదలుపెట్టారు. ఆడవద్దని మేము చెప్పబోవడం లేదు. తరచూ ఆడేవారు సొంత మాస్కు కావాలనుకుంటారు. కొత్తది ఖరీదు గనుక ఎవరో వాడినదాన్ని బేరమాడతారు, లేదా అమెరికాలో ఉన్న అన్నయ్య తన పాతది పంపిస్తాడు. మా మాట ఆ మాస్కు గురించే.

క్రికెట్ బంతి కంటికి తగిలితే దాని పరిమాణం వల్ల కంటి చుట్టూ ఉన్న ఎముక కొంత దెబ్బను కాచుకుంటుంది. పెయింట్‌బాల్ గోళీ సుమారు 17 మిల్లీమీటర్లే. బరువు 3 గ్రాములు. అది నేరుగా కంటిగూటిలోకి దూరిపోతుంది. వేగం సెకనుకు 300 అడుగులు మించకూడదని ఆటస్థలాల్లో సాధారణంగా పెట్టుకునే నియమం; అంటే గంటకు సుమారు 330 కిలోమీటర్లు! బిళ్లంగోడు దెబ్బకే కన్ను పోగొట్టుకున్న పిల్లలున్న దేశం మనది. ఈ దెబ్బకు కంటిలో రక్తం చేరవచ్చు, లోపలి పొర ఊడవచ్చు, కనుగుడ్డే పగలవచ్చు.

అయినా వాడిన మాస్కు కొనడం తప్పని మేము అనము. అన్న చొక్కా తమ్ముడికి, అక్క పుస్తకాలు చెల్లెలికి వచ్చే ఇళ్లే మనవి. “కొత్తది కొనండి, లేకపోతే మానండి” అని శాసిస్తే డబ్బు లేని కుర్రవాడు ఆట మానడు. మోటారు సైకిల్ హెల్మెట్టో, వెల్డింగు కళ్లద్దాలో పెట్టుకుని వెళ్తాడు. అవి ఈ దెబ్బను కాచుకోవడానికి చేసినవి కావు.

మాస్కులో ఫ్రేము వేరు, ముందున్న లెన్సు వేరు. ఫ్రేము పాతదైనా పగుళ్లు లేకుండా, పట్టీ సాగిపోకుండా ఉంటే పనికివస్తుంది. లెన్సు మాత్రం పాతది వద్దే వద్దు. అది పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. ఎండకు క్రమంగా పెళుసెక్కుతుంది. గాజు తుడిచే అమ్మోనియా ద్రవాలు, థిన్నరు వంటివి తగిలితే కంటికి కనబడనంత సన్నని పగుళ్లు పుడతాయి. “గీత కూడా లేదండీ, ఒక్కసారే వాడాను” అని అమ్మేవాడు నిజమే చెప్పవచ్చు. కాని ఆ ఒక్కసారిలోనే దగ్గర నుంచి గట్టి దెబ్బ తగిలి ఉంటే? దగ్గరి దెబ్బ తిన్న లెన్సును మార్చాలనీ, దెబ్బ తగలకపోయినా ఏడాదికోసారి మార్చాలనీ తయారీదారులే చెబుతారు. మాస్కు గట్టిదని చూపించడానికి మీ ఎదుటే దానిపై కాల్చి చూపిస్తే, ఆ లెన్సు పని అక్కడితో అయిపోయినట్టే.

కాబట్టి బేరానికి ముందే ఒక సంగతి తెలుసుకోండి. ఆ కంపెనీ, ఆ మోడలుకు కొత్త లెన్సు ఇప్పటికీ దొరుకుతుందా? దొరకకపోతే మాస్కు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. దొరికితే దాని ధరను కూడా కలిపి లెక్క వేసుకోండి. ఒక్కోసారి కొత్త మాస్కే చౌక అని తేలుతుంది. పెయింట్‌బాల్ కోసమే చేసినదా అనేది కూడా చూడాలి. అమెరికా మాస్కులపై ఏఎస్‌టీఎం ఎఫ్ 1776 అనే గుర్తు ఉంటుంది. చూడటానికి అలాగే ఉండే బొమ్మ తుపాకుల కళ్లద్దాలతో మోసపోవద్దు.

మంచు పట్టడం చిన్న ఇబ్బందిగా కనిపిస్తుంది గాని, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ ఆటలో కళ్లు దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది ఆ క్షణాన మాస్కు లేనివారే. చెమటకు లెన్సు మసకబారితే తుడుచుకోవడానికి మాస్కు ఎత్తుతారు. అందుకే రెండు పొరల లెన్సు మేలు. ముఖానికి ఆనే స్పాంజి చిరిగినా, ఊడినా మార్చండి. ఇతరుల చెమట పట్టినది గనుక సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాకే వాడండి. పిల్లలకు పెద్దల మాస్కు వదులవుతుంది. తల ఊపి చూడండి, జారితే అది వారిది కాదు.

ఒకవేళ దెబ్బ తగిలితే కన్ను నులమకండి, నొక్కకండి. ఆకు పసరు, చనుబాలు పోయవద్దు. కాగితపు కప్పు అడుగుభాగాన్ని కంటికి తగలకుండా అడ్డుపెట్టి, కూర్చోబెట్టే ఆసుపత్రికి తీసుకురండి. చూపు బాగానే ఉందనిపించినా అదే రోజు రండి. ఇలాంటి దెబ్బ తగిలిన కంటికి కొన్నేళ్ల తరువాత నీటికాసులు రావచ్చు గనుక, ఏటా ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి.