మతిమరుపు మందు - పసుపుకొమ్ము చెప్పే పాఠం

వయసు పైబడిన తరువాత మతిమరుపు సహజమేనని మనమందరం తేలికగా అనేస్తూ ఉంటాము. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం సహజమే కావచ్చు. కన్నబిడ్డనే గుర్తించలేకపోవడం మాత్రం సహజం కాదు, అది వ్యాధి.

జపాన్ శాస్త్రజ్ఞుడు హచిరో సుగిమోటోకు ఈ అనుభవం స్వయంగా కలిగింది. జ్ఞాపకశక్తి క్షీణించిన తల్లి ఒకనాడు ఆయనను చూసి "మీరెవరండీ?" అని అడిగింది. "అమ్మా, నేను నీ కొడుకు హచిరోను" అన్నారాయన. "అలాగా! మా అబ్బాయి పేరు కూడా హచిరోయే" అన్నదట ఆ తల్లి.

1961లో ఎసాయ్ అనే మందుల సంస్థలో చేరిన సుగిమోటో, పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి కళాశాలలో చదువుకున్నారు. 1983లో ఆయన బృందం అల్జీమర్స్ వ్యాధికి మందు కోసం అన్వేషణ ప్రారంభించింది. ఈ రోగుల మెదడులో ఎసిటైల్‌కొలీన్ అనే పదార్థం తగ్గిపోతుంది. ఒక నాడీకణం నుండి మరొక నాడీకణానికి కబురు చేరవేసే పదార్థమిది. దీనిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకోగలిగితే, మిగిలిన కొద్దిపాటి పదార్థమైనా ఎక్కువసేపు నిలుస్తుంది. సూత్రం ఇంతే. ఆచరణ మాత్రం అంత సులభం కాలేదు.

మొదట ప్రయత్నించిన పదార్థాలను విషగుణం కారణంగా విడిచిపెట్టవలసి వచ్చింది. తరువాత, వేరొక వ్యాధి కోసం తయారుచేసిన పదార్థమొకటి అనుకోకుండా దారి చూపింది. దానిని మార్చి మార్చి సుమారు 700 పదార్థాలను తయారుచేసి పరీక్షించారు. ఎంతో ఆశ పెట్టుకున్న పదార్థం కూడా నోటి ద్వారా ఇచ్చినప్పుడు శరీరానికి వంటబట్టక, మళ్లీ మొదటికి వచ్చింది. చివరకు లభించినదే డోనెపెజిల్. అమెరికాలో 1996లోను, జపాన్‌లో 1999లోను దానికి అనుమతి లభించింది.

అయితే ఈ మందు వ్యాధిని నయం చేయదు. కొందరిలో, కొంతకాలం పాటు లక్షణాలను కాస్త అదుపులో ఉంచుతుంది. వికారం, విరేచనాలు, నాడి నెమ్మదించడం వంటి ఇబ్బందులు కలగవచ్చు. సుగిమోటో కూడా ఇంతటితో తృప్తిపడలేదు. తరువాత వ్యాధి మూలాన్నే పట్టుకోవాలని పూనుకున్నారు. అందుకు ఆధారంగా ఎంచుకున్నది మన వంటింటి పసుపులోని కర్క్యుమిన్!

ఇక్కడ మనం గర్వంతో తొందరపడకూడదు. ఆయన పసుపును ఉన్నది ఉన్నట్లుగా వాడలేదు. కర్క్యుమిన్ శరీరానికి సరిగా వంటబట్టదు. అల్జీమర్స్ రోగులపై జరిగిన పరీక్షలలో దాని వలన స్పష్టమైన మేలు కనిపించలేదు. కనుకనే ఆయన, సహచరులు దాని నిర్మాణాన్ని మార్చి కొత్త పదార్థాన్ని రూపొందించారు. మెదడులో ఎమిలాయిడ్, టౌ అనే మాంసకృత్తులు ముద్దకట్టకుండా అది నిరోధించగలదా అని పరిశీలించారు. 2015, 2017 సంవత్సరాలలో ఎలుకలపై ఆశాజనకమైన ఫలితాలను ప్రకటించారు. ఎలుకలో కనిపించిన గుణం మనిషికి మందుగా మారడానికి మధ్య చాలా దూరం ఉన్నది.

చరకుడు మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని మేధ్య రసాయనాలుగా పేర్కొన్నాడు. వాటిపై నాకు అపారమైన గౌరవం ఉన్నది. కాని గౌరవమంటే పరీక్షించకుండా నమ్మడం కాదు. 700 పదార్థాలను పరీక్షించిన ఓర్పునే మన మూలికల విషయంలోనూ చూపడం నిజమైన గౌరవమని నా అభిప్రాయం.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. మా నాన్నగారు పింఛను లెక్కలు తప్పినప్పుడు, రోజూ నడిచే వీధిలోనే దారి తెలియక నిలబడిపోయినప్పుడు, నేను ఆయనను వైద్యుని వద్దకు తీసుకువెళ్లలేదు. సంవత్సరం పాటు సరస్వతీ లేహ్యం తినిపించాను. లేహ్యం ఆయనకు కీడు చేయలేదు. కాలాన్ని వృథా చేసినది నేనే. ఆ ఏడాదిలో మా నాన్నగారు మాతో స్పష్టంగా మాట్లాడగలిగిన రోజులు ఎన్నో గడిచిపోయాయి. వ్యాధి ఏమిటో ముందే తెలిసి ఉంటే ఆ రోజులను మరోలా గడిపేవాళ్లమన్న బాధ నన్ను ఇంకా విడువలేదు.

మతిమరుపు అంతా అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు కూడా మతిమరుపును కలిగిస్తాయి. వీటిని సకాలంలో గుర్తిస్తే చాలావరకు సరిదిద్దవచ్చు. ఇందుకు మొదట చేయవలసినది పరీక్షే.

కావున పాఠకులకు నా మనవి. పప్పులో, చారులో పసుపు నిస్సంకోచంగా వేసుకోండి. లేహ్యం ఇవ్వదలచుకుంటే వైద్యునికి చెప్పి ఇవ్వండి. ఆయన రాసిన మందును మాత్రం మీ అంతట మీరు మానిపించకండి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇంట్లో పెద్దవారు ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగినా విసుగుకోక పదోసారి కూడా ప్రేమతోనే బదులు చెప్పండి. ఈ ఒక్క చికిత్సకు ఏ పరిశోధనశాల అనుమతీ అవసరం లేదు.