బడి కమిటీ అంటే సంతకాల కమిటీ కాదు

ఈసారి పత్తి రేటు గురించో యూరియా గురించో కాదు, ఊరి బడి గురించి రాస్తున్నా. పొడుగ్గా ఉందని వదిలెయ్యకండి. మిర్చి ధర పడితే వచ్చే ఏడు ఇంకో పంట వేసుకుంటాం. పిల్లోడి మూడో తరగతి పోతే మళ్లీ వెయ్యలేం.

అసెంబ్లీ ఎన్నికల సంగతి పక్కన పెట్టండి. 2024లో మన ఆంధ్రలో ఇంకో రెండు ఎన్నికలు జరిగాయి. ఆగస్టు 8న ప్రభుత్వ బళ్లలో యాజమాన్య కమిటీల ఎన్నిక. డిసెంబరులో నీటి సంఘాల ఎన్నిక. నీటి సంఘానికి ఎంత హడావుడి చేశామో గుర్తుందా? రాత్రిళ్లు మంతనాలు, వర్గాలు, అలకలు, బుజ్జగింపులు. మరి బడి కమిటీ చైర్మన్ ఎవరు? పేరు చెప్పండి. పది మందిని అడిగితే ఇద్దరు చెబుతారేమో. చాలా ఊళ్లలో ఆ రోజు బడికి వెళ్లిన వాళ్లలోంచే ఎవరో ఒకరి పేరు రాసుకుని, చప్పట్లు కొట్టి పంపించేశారు.

తూము దగ్గర లస్కరు ఒక గంట ఆలస్యంగా వస్తే నిలదీసే మనం, బడికి టీచరు వచ్చాడో లేదో అడగం. కాటాలో కిలో తేడా వస్తే ఊరుకోని మనం, బడి గ్రాంటు ఏమైందో అడగం. అడిగే హక్కు లేకనా? ఉంది. చట్టంలోనే రాసి ఉంది. మనకి ఎవరూ చదివి వినిపించలేదు, అంతే.

2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం, 21వ సెక్షన్. ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తుందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యడం, ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం ఆ కమిటీ పని. 22వ సెక్షన్ ఇంకా గట్టిది. కమిటీ తయారు చేసిన ఆ ప్రణాళికే ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆధారం కావాలంటుంది. అంటే చట్టం ప్రకారం ఊరి బడికి ఏం కావాలో మొదట రాయాల్సింది ఎంఈఓ కాదు, ఎమ్మెల్యే కాదు. మీరు, మీ ఇంటావిడ.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలుంటే ఊరి బడిలోని 3, 4, 5 తరగతుల్ని దాంట్లో కలిపారు. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. అన్న ఒక బడికి, చెల్లెలు ఇంకో బడికి. ఊళ్లలో గొడవలయ్యాయి, తల్లులు రోడ్డెక్కారు. తర్వాత ప్రభుత్వం మారింది. 2025 మేలో 117ని రద్దు చేసి కొత్త జీవోలిచ్చారు. ఇప్పుడు ఫౌండేషన్ స్కూలు, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ అని కొత్త పేర్లు. మోడల్ ప్రైమరీలో తరగతికో టీచరు ఉంటాడు. మంచిదే. ఒక్క టీచరు ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పేది చదువు కాదు, కాపలా. ఆ మాట నేనూ ఒప్పుకుంటా.

కానీ మోడల్ ప్రైమరీ ప్రతి ఊరికీ రాలేదు. పక్క ఊరి బడి మోడల్ అయితే మన ఊరి 3, 4, 5 తరగతులు అక్కడికి వెళ్లాలి. దానికి కమిటీ తీర్మానం కావాలని మా వైపు ఊళ్లలో కాగితాలు పట్టుకొచ్చారు. చాలామంది సంతకం పెట్టారు. పిల్లలు ఎంత దూరం నడవాలి, మధ్యలో కాలువుందా, హైవే దాటాలా, వానాకాలం ఆ బాట ఎలా ఉంటుంది అని అడిగిన వాళ్లు ఎంతమంది? పొలం రిజిస్ట్రేషన్ కాగితం మీద చదవకుండా వేలిముద్ర వేస్తామా? బిడ్డ బడి కాగితం మీద మాత్రం వేసేశాం.

విలీనం చెయ్యొద్దని మొండికెయ్యమని నేను చెప్పడం లేదు. షరతులు రాయించుకుని సంతకం పెట్టమంటున్నా. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి పిల్లలకి కిలోమీటరు లోపే ఉండాలన్నది విద్యా హక్కు నిబంధన. అంతకన్నా దూరం పంపితే ఒక్కో పిల్లకి ఏడాదికి 6,000 వరకు రవాణా ఖర్చు ఇచ్చే వీలు సమగ్ర శిక్షలో ఉంది. అది తీర్మానంలో రాయించాలి. ఆటో ఎవరు పెడతారు, ఎప్పటి నుంచి అన్నది రాయించాలి. అది తేలేదాకా సంతకం ఆగాలి. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా బళ్ల విలీనం చాలా ఆచితూచి చెయ్యాలని, పిల్లలకి బడి దూరం కాకూడదని చెప్పింది. వాళ్ల కాగితంలో ఉన్న మాటే మనం గట్టిగా అడుగుతున్నాం.

కొందరంటారు, "పిల్లలే లేని బడి ఎందుకన్నా, అందరూ వ్యాన్ ఎక్కి కాన్వెంట్‌కి పోతుంటే" అని. నిజమే, పోతున్నారు. ఎందుకు పోతున్నారు? బడిలో ఒక్క టీచరే ఉన్నాడని. ఒక్క టీచరే ఎందుకున్నాడు? పిల్లలు తక్కువయ్యారని. గానుగెద్దు తిరిగినట్టు ఉంది ఈ లెక్క. చట్టం మాత్రం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. ఆ రెండో టీచర్ని కమిటీ లెటర్ మీద అడిగిన ఊరు ఎన్ని ఉన్నాయి? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ప్రభుత్వం పెడుతుందా?

ఇంకొందరు, "మేం చదువుకోలేదు, మాకేం తెలుసు" అంటారు. మిర్చి యార్డులో తక్‌పట్టీ చూసి కమీషన్ ఎంత కోశారో నోటి లెక్కన చెప్పే మనిషి బడి గ్రాంటు చూడలేడా? లెక్క చాలా చిన్నది. 30 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 25,000 గ్రాంటు. 100 దాటి 250 లోపుంటే 50,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు దాంట్లోంచే. మీ బడికి ఈ ఏడాది ఎంతొచ్చింది, ఏ నెలలో వచ్చింది, దేనికి పెట్టారు? మూడు ప్రశ్నలు. అంతే.

ఇంకో లెక్క. 2025లో తల్లికి వందనం 15,000లో 13,000 మన ఖాతాలో వేసి, 2,000 బడుల నిర్వహణకి అని ఆపారు. ఇంతకు ముందు అమ్మ ఒడిలోనూ ఇలాగే కోశారు. కాబట్టి ఆ పార్టీ, ఈ పార్టీ అని కొట్టుకోకండి. 40 మంది పిల్లల తల్లుల దగ్గర 2,000 చొప్పున ఆపితే 80,000. ఆ డబ్బు మీ బడి మరుగుదొడ్డికి వచ్చిందా? నీళ్ల ట్యాంకుకి వచ్చిందా? అడగాల్సింది కమిటీయే. అది మనం ఇచ్చిన సొమ్మే, వాళ్లు పెట్టిన భిక్ష కాదు.

తెలంగాణ సోదరులకూ ఒక మాట. మీ దగ్గర 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్మన్, హెడ్‌మాస్టరు కన్వీనరు. ఆడవాళ్ల చేతికి పని ఇవ్వడం బాగుంది. కానీ ఆ చైర్మన్ పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారా? చదవకపోతే, చదివే పిల్లల తల్లుల మాట కమిటీలో ఎంత చెల్లుతోంది? అది చూసుకోవాల్సింది మీరే.

మగవాళ్లకు ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. కమిటీలో మీ ఇంటావిడ పేరుంటే మీటింగుకి ఆవిడే వెళ్లాలి. మీరు వెళ్లి కుర్చీలో కూర్చుని ఆవిడ సంతకం ఇంటికెళ్లి పెట్టించుకు రావడం మానెయ్యండి. పిల్లోడు మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నాడా, వదిలేశాడా అన్నది మీకంటే ఆవిడకే బాగా తెలుసు.

టీచర్ల మీద పగ పెట్టుకోమని కూడా కాదు. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప టీచర్ని వేరే పనికి వాడకూడదని 27వ సెక్షన్ చెబుతుంది. ఆ సార్ని యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనికే కట్టేస్తుంటే, ఆయన తరఫున పైకి లెటర్ రాయాల్సిందీ కమిటీయే. మంచి టీచరుకి కమిటీ అండ, పని ఎగ్గొట్టేవాడికి కమిటీ భయం, రెండూ ఉండాలి.

కమిటీ పదవీకాలం రెండేళ్లు. 2024 ఆగస్టులో ఎన్నికైన వాళ్లకి 2026 ఆగస్టుతో గడువు నిండుతుంది. ఎన్నిక నోటీసు బడి గోడ మీద అంటిస్తారు, మన గుమ్మంలోకి తెచ్చివ్వరు. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకోవాలి. ఆ పూట కలుపు తీత ఆపైనా సరే, వెళ్లండి. అడిగే నోరున్న వాళ్లని నిలబెట్టండి. గెలిచాక ప్రతి మీటింగుకీ మినిట్స్ పుస్తకం తెరిపించండి. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టొద్దు. బడి ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారవ్వాలి, అంటే డిసెంబరు లోపు. అందులో రెండో టీచరు, ప్రహరీ గోడ, ఆడపిల్లలకి తలుపున్న మరుగుదొడ్డి రాయించండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

బడికి తాళం పడ్డాక ధర్నా చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మన ఊరి బడి మూసేస్తే అందులో చదివే కూలి వాళ్ల పిల్లలకి వ్యాన్ ఫీజు కట్టేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు మన చేలో పత్తి తియ్యడానికి వస్తారు. ఆ పిల్లల కళ్లలోకి చూసి కూలి డబ్బులు ఇవ్వగలమా?

మీ ఊరి బడిలో పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, కమిటీ చైర్మన్ ఎవరు? కింద రాయండి. తెలియకపోతే రేపు పొద్దున బడికెళ్లి కనుక్కుని రాయండి.