బెత్తం వద్దన్నాం, బదులేమిచ్చాం?

పుంగనూరు పేరు ఏడేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఒకేరకం వార్తతో పత్రికలకెక్కింది. 2018 డిసెంబరులో అక్కడి ఒక ప్రైవేటు పాఠశాలలో చిన్న తరగతుల మగపిల్లలు ఆలస్యంగా వచ్చారని బట్టలు విప్పించి, చేతులు పైకెత్తించి ఎండలో నిలబెట్టారు. ఆ దృశ్యం బయటికి వచ్చాకే అధికారులు కదిలారు. 2025 సెప్టెంబరులో అదే ఊళ్లో ఇంకో ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి అమ్మాయి తలమీద టీచరు పుస్తకాల సంచితో కొట్టారని ఆరోపణ వచ్చింది. సంచిలో స్టీలు లంచ్ బాక్సు ఉంది. తలనొప్పి తగ్గక ఇంటివాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్తే, స్కానింగులో పుర్రె ఎముక చిట్లినట్టు తేలింది.

ఈ రెండూ ప్రైవేటు బడులే. అలాగని సర్కారు బడుల్లో దెబ్బలు లేవని ఎవరూ అనుకోవద్దు. అక్కడ దెబ్బ తిన్న పిల్లవాడి తల్లి ఆ పూట మామిడి తోటలోనో, టమోటా కోతలోనో ఉంటుంది. మండల విద్యాధికారి ఆఫీసుకు పోయి అర్జీ ఇవ్వాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. వదులుకుని వెళ్లినా, రేపు అదే బడికి అదే సారు దగ్గరికే బిడ్డను పంపాలి. అందుకే చాలా దెబ్బలు ఇంటి గడప దాటవు.

చట్టం మాత్రం ఎప్పుడో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జీవో నంబరు 16 ఇచ్చింది. 1966 నాటి విద్యా నియమావళిలోని 122వ నిబంధనను సవరించి, విద్యాసంస్థలన్నింట్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. తర్వాత కేంద్రం తెచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షను శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. ఆ సెక్షనును మీరిన వాళ్లపై సర్వీసు రూల్సు ప్రకారం చర్య తీసుకోవాలి. 2015 బాలల న్యాయ చట్టం ఇంకా కఠినం. తన సంరక్షణలో ఉన్న బిడ్డపై క్రూరంగా ప్రవర్తిస్తే దాని 75వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అంటే పుంగనూరు పిల్లలను ఎండలో నిలబెట్టిన నాటికే జీవో వచ్చి పదహారేళ్లు దాటింది.

ఇన్నేళ్లయినా ఎందుకు మారలేదు? "కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడన్నా కొట్టండి సార్, మావోనికి సదువొస్తే సాలు." మన పల్లెల్లో బిడ్డను బడిలో దిగబెట్టి తండ్రి చెప్పే మాట ఇది. ఆ తండ్రిని నేను తప్పుపట్టలేను. తనకు అందని చదువు కొడుక్కు అందాలన్న ఆరాటం ఆ మాటలో ఉంది. దెబ్బకూ చదువుకూ ముడి ఉందని ఆయనకు చెప్పిందే మనం, చదువుకున్నవాళ్లం. పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఏదైనా చూడండి. ఒకరు లేచి, ఆ రోజు అయ్యవారు గోడకుర్చీ వేయించబట్టే, తొడపాశం పెట్టబట్టే ఇంతవాణ్ణయ్యానంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ దెబ్బలకు జడిసి ఐదో తరగతిలోనే బడి మానేసి గొర్రెల వెంట పోయినవాడిని ఆ సమ్మేళనానికి ఎవరూ పిలవరు. అతని సాక్ష్యం వినకుండానే మనం బెత్తానికి యోగ్యతాపత్రం ఇచ్చేస్తున్నాం.

2022 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో 1895లో పుట్టిన ఒక పిల్లవాడిని, కుటుంబం మద్రాసు చేరాక, మైలాపూరు బడిలో మందబుద్ధి అని చితకబాదేవారు. ఆ పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తి. ఆయన్ను ఆ బడి మాన్పించబట్టి సరిపోయింది. దెబ్బలకు మొద్దుబారిన ప్రతి పిల్లవాడికీ అలా చెయ్యిపట్టి బయటికి తెచ్చేవాళ్లు దొరకరు.

ఇంకో సంగతి. మన హైస్కూళ్ల గోడల మీద పిల్లలకు పెట్టిన రూల్సు రాసి ఉంటాయి. గంట కొట్టేలోగా రావాలి, యూనిఫాం వేసుకోవాలి, జుట్టు పెంచరాదు, సెల్‌ఫోను తేరాదు. మంచివే. కానీ ఆ పిల్లలకు చట్టం ఇచ్చిన హక్కులేమిటో రాసిన గోడ నాకెక్కడా కనబడలేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ, పిల్లవాడినీ బడి నుంచి పంపించేయడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షను చెబుతుంది. 2019లో వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచే వీలిచ్చింది కానీ, బయటికి పంపే వీలు మాత్రం ఇవ్వలేదు. అయినా "టీసీ చేతికిచ్చి పంపించేస్తా" అన్న బెదిరింపు మన బడుల్లో రోజూ వినబడే మాటే. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకపోవడమూ చట్టవిరుద్ధమే. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడమూ అంతే. ఈ మూడు వాక్యాలు గోడ మీద రాయడానికి డబ్బా రంగు కూడా ఖర్చు కాదు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 16వ సెక్షను రక్షణ లేదు. పది ఫలితాల శాతం పడిపోతుందని వెనకబడిన పిల్లలను తొమ్మిదిలోనే వదిలించుకునే పని జరిగేది సరిగ్గా ఈ సందులోనే. ఈ సందును రాష్ట్ర ప్రభుత్వం తన నిబంధనలతోనైనా పూడ్చాలి.

స్కూలు రూలు ఎంతదాకా చెల్లుతుందన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న గొప్ప జవాబు చెప్పింది. కేరళలో యెహోవాసాక్షుల మతానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు ప్రార్థన సమయంలో జనగణమనకు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు కానీ, తమ మతవిశ్వాసం వల్ల పాడేవాళ్లు కాదు. అందుకని 1985లో వాళ్లను బడి నుంచి తీసేశారు. అది చెల్లదని, వాళ్లను తిరిగి చేర్చుకోవాలని తీర్పు వచ్చింది. విద్యాశాఖ సర్క్యులరుకు చట్టం అండ లేకపోతే దాన్ని పట్టుకుని పిల్లల ప్రాథమిక హక్కును హరించడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన రాయలసీమవాడే, అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టినవాడు. ఇక రవీంద్రనాథ్ టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది 1919లో మదనపల్లె థియసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే. ఈ నేల మీద నడిచే ప్రతి బడిలో ఈ రెండు సంగతులూ పిల్లలకు చెప్పాలని నాకు గట్టిగా ఉంది. ఆ ముగ్గురు పిల్లలు అల్లరి చేయలేదు, ఎదురు తిరగలేదు, నిటారుగా నిలబడ్డారు. హక్కునూ మర్యాదనూ కలిపి నడవడమెట్లాగో వాళ్లు చూపించారు.

ఇప్పుడు టీచర్ల వైపు చూడాలి. చూడకపోతే ఈ మాటంతా సగం మాటే. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి, గుంజీళ్లు తీశారు. పిల్లలు చదవకపోయినా, దారి తప్పుతున్నా కొట్టలేం, ఏమీ చేయలేమన్నది ఆయన ఆవేదన. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఆయన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకోలు సరే, అలాంటి టీచరు మర్నాడు తరగతిలోకి వెళ్లి ఏం చేయాలో ఎవరు చెప్పారు? అంతకు కొద్ది నెలల ముందే, 2024 డిసెంబరులో, రాయచోటిలో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు బడిలోనే కుప్పకూలి చనిపోయారు. అల్లరి చేస్తుంటే మందలించినందుకు విద్యార్థులే దాడి చేశారని ఆయన కుటుంబం ఆరోపించింది. ఆ వార్త చదివిన టీచర్లలో ఎంతమంది ఆ తర్వాత చివరి బెంచీ వైపు చూడటం మానేసి ఉంటారో ఊహించవచ్చు. వాళ్ల భయం నిజమైనది.

ప్రభుత్వాలు చేసిన తప్పు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బెత్తం లాక్కున్నాయి, అది న్యాయమే. దాని స్థానంలో టీచరు చేతికి ఒక పద్ధతిని ఇవ్వలేదు. పిల్లవాడు మొదటిసారి తప్పు చేస్తే ఏం చేయాలి, మూడోసారీ అదే చేస్తే ఎవరిని పిలవాలి, తోటి పిల్లను కొడితే, టీచరు మీద చెయ్యెత్తితే ఎవరికి చెప్పాలి? వీటికి చాలా బడుల్లో కాగితం మీద జవాబు లేదు. కాగితం లేనిచోట ఒక టీచరు కొడతాడు, ఇంకో టీచరు పట్టించుకోకుండా వదిలేస్తాడు, రెండిట్లోనూ నష్టపోయేది పిల్లలే. మాటిమాటికీ ఆలస్యంగా వచ్చే పిల్లవాడి విషయమే తీసుకోండి. తండా నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సు రాకపోతే వాడేం చేస్తాడు? గుంజీళ్లు తీయించే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగితే సగం శిక్షలు తప్పిపోతాయి.

దెబ్బ లేకుండా బడి నడవదనేవాళ్లకు జవాబు మన పక్కనే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చుని, మెట్లుమెట్లుగా అమర్చిన కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకుంటారు. చేతికి పని ఉన్న పిల్లవాడికి అల్లరికి తీరిక తక్కువ. ఈ పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాల ప్రభుత్వ బడులు అందుకున్నాయి. అరవై మంది పిల్లలున్న గదిలో ఒక్క టీచరును నిలబెట్టి, రిషివ్యాలీలా నడుపు అనడం మాత్రం అన్యాయం. ఖాళీ పోస్టులు నింపడం కూడా క్రమశిక్షణ సమస్యలో భాగమేనని విద్యాశాఖ ఒప్పుకోవాలి.

మరి పిల్లల బాధ్యతల మాటేమిటి? ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. నాడు-నేడు పథకంలో కట్టిన మరుగుదొడ్ల కుళాయిలు విరగ్గొట్టడం, తోటి పిల్లను కులం పేరుతో పిలవడం, అమ్మాయిల ఫొటోలు తీసి ఫోన్లలో పంచుకోవడం, టీచరుకు పేరు పెట్టి గేలి చేయడం హక్కుల కింద రావు. వాటికి పర్యవసానం ఉండాలి. అది పిల్లవాడిని అవమానించేదిగా కాక తప్పును సరిదిద్దేదిగా ఉండాలి. కుళాయి విరగ్గొట్టినవాడు తల్లిదండ్రుల ఎదుట దాన్ని బాగుచేయించాలి. ఏడిపించినవాడు ఆ పిల్ల ఎదుట క్షమాపణ చెప్పాలి. నేరమనదగినది జరిగితే అది బాలల న్యాయ మండలి చూడాల్సిన విషయం, టీచరు బెత్తానికి సంబంధించింది కాదు.

ఇదంతా ఎవరు రాయాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. 2024 డిసెంబరు నుంచి తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు రాష్ట్రమంతా ఒకేరోజున పెద్ద ఎత్తున పెడుతున్నారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల కమిటీ సభ్యులను నేను అడిగేది ఒక్కటే. రాబోయే సమావేశంలో ముగ్గుల పోటీలతో పాటు ఒక గంట ఈ పనికి కేటాయించండి. టీచర్లను, పై తరగతి పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్క పేజీలో మీ బడి నియమావళి రాసుకోండి. ఒకవైపు పిల్లల హక్కులు, ఇంకోవైపు వాళ్ల బాధ్యతలు, కింద తప్పుకు తగిన మెట్లు, చివర పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు బడుల్లో అది తమిళంలోనూ ఉండాలి. అవసరమైన చోట ఉర్దూలోనూ ఉండాలి. చదవలేని తల్లికి చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే గోడకెక్కించండి.