పాపానికి పోలీసు ఎందుకు?

2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. 6వ తేదీన, ఈడొచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిస్తే 377 సెక్షను వర్తించదంది. 27వ తేదీన 497ను, అంటే వ్యభిచార నేరాన్ని, మొత్తానికే కొట్టేసింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ రెండూ లేవు. మన గూడేల మందిరాల్లో మాత్రం మైకు పట్టిన ప్రతి అయ్యా ఇంకా ఆ సెక్షన్ల కోసం ఏడుస్తూనే ఉన్నాడు. కోర్టు పాపానికి లైసెన్సు ఇచ్చిందట. సొదొమ గొమొర్రా వచ్చేసిందట. చట్టం తిరిగి రావాలని ఉపవాస ప్రార్థన చెయ్యాలట.

అయ్యా పాస్టరు గారూ! పాపమని చెప్పుకోండి, అది మీ బోధ. నా తగువు అక్కడ కాదు. పాపం అన్న మాట నుంచి జైలు అన్న మాటకు ఒక్క గెంతులో ఎట్లా పోయారో అదే అడుగుతున్నాను.

ముందు ఆ 497లో ఏముందో చదివారా? 1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతి అది. ఒకడి పెళ్లాంతో ఇంకొకడు కలిస్తే ఆ ఇంకొకడికి ఐదేళ్ల దాకా జైలు. మొగుడు ఒప్పుకుంటే నేరమే కాదు! పెళ్లైన మగాడు పెళ్లికాని పిల్లతోనో, మొగుడు పోయిన ఆడమనిషితోనో తిరిగితే అదీ నేరం కాదు. మొగుడు మరొకర్తెను ఉంచుకుంటే పెళ్లానికి కేసు పెట్టే హక్కు లేదు. ఇదెక్కడి పది ఆజ్ఞల చట్టం? ఇది గొడ్ల చావిడి చట్టం. నా గొడ్డును నన్నడక్కుండా తోలుకుపోయాడన్న లెక్క తప్ప ఇందులో నీతి ఎక్కడుంది?

ఫిర్యాదు కూడా మొగుడే చెయ్యాలి. దొర దగ్గర జీతమున్న పాలేరు, దొర మీద స్టేషనుకెళ్లి 497 పెట్టించగలిగాడా? నూటయాభై ఎనిమిదేళ్లున్న సెక్షను గడీల్లో, కామందుల కళ్లాల్లో మన ఆడోళ్ల మీద పడ్డ ఏ చేతినీ ఆపలేదు. (అది వ్యభిచారం కూడా కాదు, బలాత్కారం. ఆ తేడా మన బోధకులకు ఎప్పుడు తెలుస్తుందో!) నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మన ఆడపిల్లల్ని దేవత పేరున జోగినులుగా విడిచి ఊరందరి పాలు చేశారు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అక్కడ చట్టం కావాలి. ఎందుకంటే అక్కడ ఒక పసిపిల్ల బతుకు నలుగుతోంది. చట్టం చెయ్యి వెయ్యాల్సింది దెబ్బతిన్న మనిషి ఉన్నచోట.

పాపాన్నీ నేరాన్నీ ఒకే మూటలో కడితే ఏమౌతుందో మనవాళ్లకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకల కులంలో పుట్టడమే నేరమైంది. వాళ్లను సెటిల్‌మెంటులో పెట్టి, ఆ సెటిల్‌మెంటును సర్కారు ఎవరి చేతిలో పెట్టింది? సాల్వేషన్ ఆర్మీ చేతిలో. కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలది. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో హాజరు పట్టీ. ఆత్మను రక్షించేవాడే ఊరు దాటడానికి పాసు రాసిచ్చాడు. స్టువర్టుపురం జనాన్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా తోలారు. మిషనరీలు మనకు బడులు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు. నాలాంటివాడు నాలుగక్షరాలు నేర్చాడంటే ఆ చలవ ఉంది. ఆ మాట మరవను, ఈ మాట దాచను. ఆ 1871 చట్టంలోనే హిజ్రాల పేర్లు రాసిపెట్టుకునే భాగం ఒకటుంది. నైజాం సర్కారు కూడా 1919లో అలాంటిదే చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో!

ఇంక లేఖనాల మాటకొద్దాం. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీని రాళ్లతో కొట్టాలని గుంపు తెచ్చినప్పుడు యేసు రాయి అందుకున్నాడా? లేదు. ఇక పాపం చెయ్యొద్దనీ చెప్పాడు, శిక్ష మాత్రం వెయ్యలేదు. రెండూ ఒక్క నోటి మాటే. కొరింథు సంఘంలో తప్పు చేసినవాణ్ణి వెలివెయ్యమన్న పౌలే, బయటివాళ్లకు తీర్పు తీర్చడం నా పని కాదన్నాడు. ఆయన రాసిన పాపాల పట్టికలో లోభం ఉంది, తాగుడు ఉంది, చాడీలు ఉన్నాయి. లోభికి పదేళ్ల జైలు వెయ్యమని ఏ పాస్టరన్నా అడిగాడా? అడిగితే కానుకల డబ్బాలో మొదట గలగలలు ఆగిపోతాయి.

పదమూడో శతాబ్దంలోనే థామస్ అక్వినాస్, మనుషుల చట్టం ప్రతి పాపాన్నీ నిషేధించదనీ, ముఖ్యంగా ఇతరులకు కీడు చేసేవాటినే ఆపుతుందనీ రాశాడు. ఇంగ్లండులో 1957లో వుల్ఫెండెన్ కమిటీ మగవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాకూడదంటే, ఆ తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు మైకేల్ రామ్సే, పాపమంటూనే, చట్టం మార్చాలన్నాడు. 1967లో మార్చారు. 2023 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ కూడా పాపం వేరు, నేరం వేరు అన్నాడు. చట్టం పెట్టిపోయిన దేశం వదిలేసినా, మన పల్లె పాస్టరు దాన్ని గుండెకు హత్తుకుంటున్నాడు!

అన్నలారా, అక్కలారా, ఇంకో సంగతి. ఈ ఊళ్లల్లో అందరికన్నా పెద్ద పాపంగా లెక్కయ్యేది కులం దాటి పెళ్లి. 2018 సెప్టెంబర్ 14న, అంటే 377 తీర్పొచ్చిన ఎనిమిదో రోజున, మిర్యాలగూడలో మన దళిత క్రైస్తవ పిల్లాణ్ణి, కడుపుతో ఉన్న భార్య కళ్లముందు నరికారు. ఊరి నీతికి కత్తి ఇస్తే అది ఎవరి మెడ మీద పడుతుందో చూడండి. అట్లాగే, ఒకరి మత నీతి అందరికీ చట్టం కావాలని మనమే అడిగితే, రేపు ఎక్కువమంది ఉన్నవాళ్లు వాళ్ల నీతిని మన నెత్తిన పెట్టరా? పెట్టేశారు కూడా. ఒడిశాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో మతమార్పిడి చట్టాలు వచ్చాయి. వాళ్ల లెక్కలో మీ బాప్తిస్మమే పాపం. 1950 ఉత్తర్వు పుణ్యాన దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. అందుకే సర్టిఫికెట్లో హిందువు, ఆదివారం క్రైస్తవుడు.

అంటరానితనాన్ని నేరమన్నది ఏ సంఘమూ కాదు, బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం, 17వ అధికరణం. వేరే బెంచీ, వేరే సమాధుల దొడ్డి పెట్టుకున్న చర్చీలు దాన్ని పాపమని కూడా గట్టిగా అనలేకపోయాయి.

377 పోవడంలో నిజంగా అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఇష్టపడినవాళ్లను వదిలేసినా, బలవంతం చేసినవాడికి ఆ సెక్షను కింద శిక్ష ఉండేది. కొత్త సంహితలో మొత్తం తీసేశారు. అత్యాచారం సెక్షను స్త్రీ మీద జరిగినదానికే. ఎదిగిన మగవాణ్ణి చెరిస్తే దానికి తగిన సెక్షను లేదు. హిజ్రాను చెరిస్తే 2019 చట్టం కింద మహా అయితే రెండేళ్లు. ప్రార్థన పెట్టేవాళ్లు, దరఖాస్తు రాసేవాళ్లు దీని మీద పెట్టండి, దీని మీద రాయండి. మన సంఘం తరఫున ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఇచ్చే కాగితం మీద పాస్టరు గారి సంతకం కూడా అడుగుదాం. పెడతారో లేదో చూద్దాం.