జాబితాకెక్కని కొలిమి సెగ

ఉక్కు కర్మాగారంలో ప్రాణాలు పోతే అది వార్త అవుతుంది. 2014 జూన్‌లో భిలాయ్‌లో విషవాయువు లీకై ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు మరణించినపుడు దేశమంతా ఉలిక్కిపడింది. కొలిమి ముందు ఇరవయ్యేళ్లు నిలబడిన మనిషి శరీరంలో చప్పుడు లేకుండా జరిగే నష్టం మాత్రం ఎవరి దృష్టికీ రాదు. అది సంతానానికి సంబంధించినదైతే దానిని దాచిపెట్టడానికి కార్మికుడే అందరికంటె ముందుంటాడు. ఈ మౌనానికి చట్టం కూడా తోడు కావడం విచారకరం.

భిలాయ్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా, అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో వెలసిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉపాధి వెతుక్కుంటూ వెళ్లి సెక్టార్ క్వార్టర్లలో కాపురాలు పెట్టిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అక్కడి కార్మికుని గురించి చెప్పేదంతా విశాఖ ఉక్కు కార్మికునికీ వర్తిస్తుంది.

వృషణాలను ప్రకృతి ఉదరంలో కాక వెలుపల ఒక సంచిలో అమర్చడానికి కారణం ఉష్ణోగ్రతే. వీర్యకణాలు సక్రమంగా తయారు కావాలంటే శరీరం లోపలి వేడి కంటె రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి ఉండాలి. వృషణానికి వెళ్లే ధమనిని చుట్టుకుని ఉన్న సిరల వల ఆ రక్తాన్ని దారిలోనే చల్లబరుస్తుంది. వేడికి ఆ సంచి వదులై కిందికి జారుతుంది, చలికి ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న గాలే శరీరం కంటె వేడిగా ఉన్నపుడు ఈ ఏర్పాటు చాలదు. కోక్ ఓవెన్ల గోడలు వెయ్యి డిగ్రీలు దాటి కాగుతుంటాయి. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి పారే ఇనుము వేడి 1,400 డిగ్రీలకు పైమాటే. దానికి తోడు ఒంటి మీద మందపాటి రక్షణ దుస్తులు. ఛత్తీస్‌గఢ్ మే నెల ఎండ సరేసరి.

ఆ సిరలు ఉబ్బి చల్లబరచే పని దెబ్బతినే స్థితిని వేరికోసీల్ అంటారు. సుమారు వందలో పదిహేను మంది పురుషులలో ఇది కనిపిస్తుంది. నీరు చేరి వాచే వరిబీజం మనవారికి బాగా తెలుసు. ఇది దానికి భిన్నమైనది. నొప్పి లేకపోవడంతో చాలామందికి తమకున్నదనే తెలియదు. శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు.

కొలిమి పని చేసిన ప్రతివానికీ సంతానం కలగదని దీని అర్థం కాదు. అయితే అనుమానానికి ఆధారాలున్నాయి. ఇటలీలో పింగాణీ బట్టీల వద్ద పనిచేసే 92 మందిని పరిశీలించి 1992లో ప్రకటించిన అధ్యయనంలో, ఇతరులతో పోలిస్తే వారిలో సంతానం లేనివారు, సంతానం ఆలస్యమైనవారు ఎక్కువగా కనిపించారు. అదే ఏడాది డెన్మార్క్‌లో 17 మంది వెల్డర్లపై జరిపిన చిన్న పరిశీలనలో, వేడికి గురైన వారాలలో సరైన ఆకృతి గల వీర్యకణాల శాతం తగ్గి, పనికి విరామం ఇచ్చాక తిరిగి పెరిగింది. ఇవి తుది తీర్పులు కావు. కాని ఈ రెండవ అంశం ఎంతో ఊరటనిచ్చేది. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. పక్వానికి రావడానికి మరికొన్ని రోజులు. అంటే మూడు నెలలు సెగకు దూరంగా ఉంటే చాలామందిలో మార్పు కనిపించే అవకాశం ఉన్నది.

ఇక చట్టం సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో వైద్యుడు ప్రభుత్వానికి విధిగా తెలియజేయవలసిన జబ్బులు 29 ఉండేవి. సీసం విషం, సిలికోసిస్, చర్మవ్యాధులు, చివరకు శబ్దం వల్ల వచ్చే చెవుడు కూడా అందులో ఉన్నాయి. వేడి వల్ల కలిగే హాని లేదు, సంతాన సామర్థ్యం ఊసే లేదు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ సైతం ఈ విషయంలో పాత బాటనే నడిచింది. పైగా ఉక్కు పరిశ్రమను ప్రమాదకర ప్రక్రియల జాబితాలో మొదటి వరుసలో చేర్చిన చట్టమే అది! ప్రమాదకర ప్రక్రియలలోని కార్మికులకు ఏడాదికొకసారి వైద్యపరీక్ష జరపాలని 1987 సవరణే నిర్దేశించింది. ఆ పరీక్షలో ఊపిరితిత్తులకూ, చెవులకూ దక్కిన చోటు దీనికి దక్కలేదు.

పనిలోని హాని నుంచి సంతానాన్ని కాపాడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే సీసం పనుల నుంచి స్త్రీలను, పిల్లలను దూరంగా ఉంచాలని సిఫార్సు చేసింది. ఆనాడు గర్భాన్ని గురించి ఆలోచించారు. పురుషుని శరీరానికి ఏమీ కాదని ధరించుకున్నారు. ఆ భ్రమను 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్ పట్టణం వమ్ము చేసింది. డిబిసిపి అనే పురుగుమందు తయారుచేసే కర్మాగారంలో తమలో ఎవరికీ కొత్తగా పిల్లలు పుట్టడం లేదని కార్మికులే మాటల్లో గమనించి, పరీక్షలకు పట్టుబట్టారు. వీర్యకణాలు బొత్తిగా లేనివారు, బాగా తగ్గినవారు అనేకులని తేలింది. రెండేళ్లకే అమెరికా ఆ మందు వాడకాన్ని చాలావరకు నిలిపివేసింది. కనిపెట్టింది కంపెనీ వైద్యులు కారు, నోరు విప్పిన కార్మికులు.

మన భాషలోనే ఒక చిక్కున్నది. వార్తా సంస్థల కథనాలను తెనిగించే బల్ల దగ్గర కూర్చున్నవారికి ఇది నిత్యానుభవం. సంతానం లేని స్త్రీకి గొడ్రాలు అనే మాట నోట సిద్ధంగా ఉంటుంది. పురుషునికి అటువంటి వాడుక మాట లేదు. నపుంసకుడన్నది వేరే అర్థం. వంధ్యత్వమందామా అంటే వంధ్య అన్నదే గొడ్రాలికి పేరు. మాట లేకపోవడంతో మనిషి కూడా తప్పించుకుంటాడు. సంతానలేమి కేసులలో దాదాపు సగంలో పురుషుని వైపు కూడా కారణం ఉంటుంది. అయినా ఏళ్ల తరబడి స్కానింగులకూ, మొక్కుబడులకూ తిరిగేది భార్యే. పిల్లలు చాలనుకున్నపుడూ భారం ఆమెదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వివాహిత స్త్రీలలో 37.9 శాతం శస్త్రచికిత్స చేయించుకోగా, భర్త వేసెక్టమీ చేయించుకున్నవారు 0.3 శాతం మాత్రమే. కోత, కుట్టు లేని వేసెక్టమీ ట్యూబెక్టమీ కంటె తేలికైనదని తెలిసీ ఇదీ పరిస్థితి. భిలాయ్‌లో విషవాయువు లీకైన ఏడాదే, నవంబరులో, అదే రాష్ట్రంలోని బిలాస్‌పూర్ జిల్లా కు.ని. శిబిరాలలో శస్త్రచికిత్స చేయించుకున్న 13 మంది స్త్రీలు మరణించారు.

వీర్య పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక మైక్రోస్కోపు, శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు ఉంటే చాలు. ఒక్కసారి చూసి తేల్చకుండా, కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు చూడాలి. సెక్టార్ 9లో సొంత ఆసుపత్రి గల భిలాయ్ కర్మాగారానికి ఇది భారం కాబోదు. వార్షిక వైద్యపరీక్ష పత్రంలో పెళ్లయి ఎన్నేళ్లయింది, సంతానం ఎప్పుడు కలిగింది అని రెండు ప్రశ్నలు చేర్చి, ఇష్టపడినవారికి పరీక్ష జరపవచ్చు. ఫలితం కార్మికునికి తప్ప ఫోర్‌మన్‌కు గాని, సిబ్బంది విభాగానికి గాని తెలియరాదు. ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే వీధిలో కాపురముండే టౌన్‌షిప్‌లో ఈ గోప్యత లేనిదే ఒక్కడూ ముందుకు రాడు. సంతానం కోసం ఎదురుచూస్తున్నవారిని జీతం తగ్గించకుండా మూడు నెలలు చల్లని విభాగానికి మార్చడం కార్మిక సంఘాలు అడగవలసిన కోరిక. బోనసు కోసం పట్టే పట్టులో పదో వంతు దీనికి చాలు.

కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి మరింత క్లిష్టమైనది. కాంట్రాక్టరు మారితే పాత వైద్య పత్రం ఎక్కడికి పోతుందో ఎవరికీ పట్టదు. వేడి ఎక్కువగా ఉండే చోట్ల వీరిని నియమించేటపుడు ఆ పత్రాన్ని కాంట్రాక్టరు పేరున కాక కార్మికుని పేరున, కర్మాగారం ఆసుపత్రిలోనే భద్రపరచాలన్న నిబంధనను టెండరులోనే చేర్చాలి.