వెలికొండ దుంగ, విదేశీ కోర్టు: దేశాల మధ్య న్యాయ సహకారానికి పునాది ఎక్కడ?

ఒక దేశపు న్యాయస్థానం జారీచేసే వారెంటు ఆ దేశపు ఎల్లల దగ్గరే ఆగిపోతుంది. ఎల్లలు దాటిన నిందితుణ్ణి రప్పించాలన్నా, పరాయి దేశంలోని బ్యాంకు ఖాతా వివరాలో సాక్షి వాంగ్మూలమో తెప్పించాలన్నా అక్కడి ప్రభుత్వమూ న్యాయస్థానమూ సమ్మతించాలి. ఆ సమ్మతిని ఒక పద్ధతిలో పెట్టే ఏర్పాటునే నేర వ్యవహారాల్లో అంతర్జాతీయ న్యాయ సహకారం అంటారు. ఇది ఢిల్లీకి పరిమితమైన వ్యవహారంగా కనిపించినా నెల్లూరు తీరానికి దీనితో దగ్గరి సంబంధం ఉంది. ఇక్కడి ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం రేవు ఉంది. జిల్లాకు పడమటి గోడలా నిలిచిన వెలికొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది.

ప్రధానంగా శేషాచలం, వెలికొండ వంటి కొండల్లోనే సహజంగా పెరిగే ఈ చెట్టును, అంతరించిపోయే ముప్పున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో 1995లో చేర్చారు. చెట్టు ఇక్కడిది, గిరాకీ విదేశాలది. చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కూ, జపాన్‌లో వాద్యాల తయారీకీ దీన్ని వాడతారు. అందువల్ల దుంగలను అక్రమంగా తరలించినప్పుడు కూలీ, మేస్త్రీ, రవాణాదారు, ఎగుమతిదారు, విదేశీ కొనుగోలుదారు ఒకే నేరపు గొలుసులో వేర్వేరు చట్టాల పరిధిలో నిలుస్తారు.

ఈ గొలుసు రెండు కొసలూ 2015లోనే బయటపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది మరణించారు. ఎర్రచందనం నరకడానికి వచ్చారని పోలీసులు చెప్పిన వారు తమిళనాడు పేదలు. ఎర్రచందనం కేసుల్లో ప్రధాన నిందితుడిగా పోలీసులు పేర్కొన్న కొల్లం గంగిరెడ్డి 2014లో బెయిలుపై బయటికి వచ్చి దేశం దాటి, ఇంటర్‌పోల్ రెడ్ కార్నర్ నోటీసుతో మారిషస్‌లో పట్టుబడగా, నెలల తరబడి సాగిన ప్రక్రియ తరువాత 2015 నవంబరులో ఆయనను రాష్ట్రానికి తీసుకువచ్చారు. పై కొసను అందుకోవడానికి ఒక విదేశీ ప్రభుత్వపు సమ్మతి అవసరమైంది. కింది కొసలోని 20 మంది న్యాయస్థానం ముఖమైనా చూడలేదు.

రెడ్ కార్నర్ నోటీసు అంతర్జాతీయ వారెంటు కాదు. సభ్యదేశాలన్నిటికీ చేరే ఈ వినతికి ఎంత విలువ ఇవ్వాలో ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. భారత్‌లో ఇంటర్‌పోల్ వ్యవహారాలను సీబీఐ చూస్తుండగా, నిందితుల అప్పగింత 1962 నాటి చట్టం ప్రకారం విదేశాంగ శాఖ ద్వారా నడుస్తుంది. అప్పగింతకు రెండు నియమాలు ఆయువుపట్టు. ఆరోపించిన చర్య రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలన్నది మొదటిది. అనేక ఒప్పందాలు కనీసం ఏడాది జైలుశిక్షకు అవకాశమున్న నేరాలకే అప్పగింతను పరిమితం చేశాయి. ఏ నేరానికి అప్పగించారో దానిపైనే విచారించాలన్నది రెండోది. అటవీ చట్టపు సెక్షన్లు మాత్రమే రాసిన అభియోగపత్రం, అలాంటి చట్టం లేని దేశంలో నిలవకపోవచ్చు. అందుకే అక్రమ ఎగుమతి, పత్రాల ఫోర్జరీ, నల్లధనం చలామణి కోణాలను దర్యాప్తు తొలిదశలోనే సాక్ష్యాలతో బలపరచాలి.

సాక్ష్యం కోసం పంపేది అభ్యర్థన లేఖ. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 112వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి కోరితే న్యాయస్థానం దీన్ని జారీచేస్తుంది. పరస్పర న్యాయ సహాయ ఒప్పందాలకు కేంద్ర హోంశాఖ కీలక అధికార సంస్థ. లేఖలో కేసు వివరం, నిందితుడి పాత్ర, వర్తించే సెక్షన్ల పూర్తి పాఠం, కోరుతున్న సాక్ష్యం ఉండాలి. అవసరమైతే ఆ దేశపు భాషలోకి అనువాదం జతచేయాలి. నిందితుడి ఆస్తుల వివరాలన్నీ పంపమని గంపగుత్తగా అడిగితే ప్రశ్నలతో తిరిగివస్తుంది. కంటెయినరు సంఖ్య, ఓడరవాణా పత్రం, సరుకు అందుకున్న సంస్థ పేరు, సొమ్ము చేరిన ఖాతా, ఆ తేదీలు చూపి, పట్టుబడ్డ దుంగలతో వాటికున్న లంకెను వివరిస్తే విదేశీ న్యాయాధికారికి పని చేయడానికి ఆధారం దొరుకుతుంది.

ఆ లంకె మొదలయ్యేది కొండ మీదే. తనను పిలిచిన మేస్త్రీ ఎవరో, దుంగలు ఏ బండెక్కాయో చెప్పగలిగిన తొలి సాక్షి చెట్టు నరికిన కూలీ. అతడు ప్రాణాలతో, న్యాయవాది సాయంతో, న్యాయాధికారి ముందు నిలిస్తేనే ఆ మాటకు పరాయి దేశంలోనూ విలువ ఉంటుంది. అతడి మరణంతో ఒక కుటుంబం ఆధారం కోల్పోవడమే కాక, గొలుసు పైకొసకు దారి చూపే సాక్ష్యమూ నశిస్తుంది. పైగా నిందితులకు ప్రాణరక్షణ లేదన్న వాదన అప్పగింతను అడ్డుకునేవారి చేతికి ఆయుధమవుతుంది.

ఎర్రచందనం నేరాలకు రాష్ట్రం 2016లో శిక్షలు పెంచింది. భారత్ 40కి పైగా దేశాలతో అప్పగింత ఒప్పందాలు చేసుకుంది. ఇక కావలసింది అటవీ, పోలీసు, కస్టమ్స్ అధికారులు దుంగ పట్టుబడిన రోజు నుంచే ఒకే దస్త్రంపై పనిచేయడం, విదేశీ న్యాయస్థానానికి సరిపడే పత్రాలు రాయడంలో జిల్లా స్థాయి అధికారులకు శిక్షణ, కూలీని సాక్షిగా కాపాడే బాధ్యత. మారిషస్‌లోనో మరో దేశంలోనో కూర్చున్న న్యాయమూర్తి మన పోలీసులను చూడరు, మన కొండలను చూడరు. వెలికొండ వాలు దగ్గర రాసిన పంచనామానే చదువుతారు.